పేరును నమ్ముటయా, ముద్రను నమ్ముటయా?

ఒకరు వ్రాసిన ప్రోగ్రామును వేరొకరి యంత్రముపై నడుపుట ఎంత చిక్కుతో కూడిన పనియో ఆ వృత్తిలోనున్న వారెల్లరు ఎరుగుదురు. వ్రాసినవాని యంత్రమున నున్న పైథాన్ వెర్షను ఒకటి, నడుపువాని యంత్రమున నున్నది మరొకటి. అచటనున్న లైబ్రరీ ఇచట లేకపోవును, ఉన్నను దాని అమరిక వేరై యుండును. ఈ చిక్కును విడదీయుటకై, ప్రోగ్రామును దానికి కావలసిన లైబ్రరీలతోను ఫైళ్లతోను అమరికలతోను చేర్చి ఇమేజు అను ఏకరూపమున కూర్చుటయు, ఆ ఇమేజునుండి తగిన ప్రాసెసరు గల ఏ లినక్స్ యంత్రముపైనైనను కంటెయినరును ఆరంభించుటయు నేడు సర్వత్ర నెలకొన్న పద్ధతి. 2013 మార్చిలో అమెరికాలోని శాంటా క్లారాలో జరిగిన పైకాన్ సభయందు, డాట్‌క్లౌడ్ సంస్థకు చెందిన సాలమన్ హైక్స్ కొలది నిమిషముల చిన్న ప్రసంగములో డాకర్ అను పనిముట్టును తొలిసారిగా లోకమునకు చూపెను. కూర్చిన ఇమేజును పదుగురికి అందించుటకును, పదుగురు కూర్చినవానిలో తనకు వలసినదానిని వెదకికొనుటకును ఒక చోటు ఉండవలెను గనుక, 2014 జూన్‌లో డాకర్ 1.0 తో కూడ డాకర్ హబ్ అను ఆన్‌లైన్ రిజిస్ట్రీ వెలసెను.

ఈ రిజిస్ట్రీలవలన కలుగు మేలు పెద్దదా, కీడు పెద్దదా యను విషయమున ఇద్దరు అన్నదమ్ములు చేసిన వాదమును ఇచట పొందుపరచుచున్నాను. అన్న ఇంజనీరింగు కళాశాలలో కంప్యూటరు శాస్త్రమును బోధించువాడు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరునందు చిరకాలాభిమానము కలవాడు. తమ్ముడు హైదరాబాదులో ఒక సంస్థయందు, ప్రజల డబ్బు చెల్లింపులను నడిపించు సర్వర్ల భద్రతకు బాధ్యుడై యున్నవాడు.

అన్న: తమ్ముడూ, మీ సంస్థలో ఎవరును పబ్లిక్ రిజిస్ట్రీనుండి నేరుగా ఏ ఇమేజును తీసికొనరాదని నీవు కట్టడి చేసినట్లు తెలిసినది. ఆ కట్టడి వెనుకనున్న భయమును నేను గ్రహింపగలను గాని, దానివలన పోగొట్టుకొనునదేమో నీవు తూచి చూచితివా యని నా సందేహము. చిన్న పట్టణమునుండి వచ్చిన విద్యార్థి పోస్ట్‌గ్రెస్ డేటాబేసును నేర్చుకొనదలచినచో, పూర్వము దానిని తన యంత్రముపై స్థాపించుకొనుటలోనే వాని ఉత్సాహము సగము కరగిపోయెడిది. నేడు వాడు ఒక్క పంక్తి ఆజ్ఞ టైపు చేసినంతనే, ఏ దేశమున ఏ గొప్ప సంస్థలోని ఇంజనీరు వాడుచున్న ఇమేజో అదే ఇమేజు వాని పాత ల్యాప్‌టాపుపైకి దిగివచ్చును. విద్య నేర్చుట కింతటి సమానావకాశము మా కాలమున లేదు. ఇక పంపకపు విధానమైనను ఎంత పొదుపైనదో చూడుము. ఇమేజు ఒక్క ముద్దగా రాదు, లేయర్లు అనబడు పొరలుగా వచ్చును; డెబియన్ పునాదిగా గల పది ఇమేజులను తెచ్చుకొన్నను, వాని అడుగు పొర ఒకటియే యైనచో అది ఒక్క మారే దిగి, పదింటికిని చాలును. బ్యాండ్‌విడ్త్ కొరతగా నున్న ఊళ్లలో ఇది చిన్న సంగతి కాదు. ఎవరో తమ శ్రమతో కూర్చి, ఎవరని అడుగక అందరికిని ఇచ్చుచుండగా, ఆ చేతిని తట్టివేయుట న్యాయమా?

తమ్ముడు: అన్నయ్యా, ఆ సౌకర్యమును నేను కాదనుట లేదు, ఆ సౌకర్యమే నా భయమునకు మూలము. విద్యార్థి టైపు చేసిన ఆ ఒక్క పంక్తిలో వానికి తెలియకుండ ఎన్ని సంగతులు పూరింపబడుచున్నవో చూడుడు. రిజిస్ట్రీ చిరునామా వ్రాయనిచో డాకర్ హబ్ అనియు, ఖాతా పేరు వ్రాయనిచో 'లైబ్రరీ' అను అధికారిక విభాగమనియు, వెర్షనును సూచించు ట్యాగు అను గుర్తును వ్రాయనిచో 'లేటెస్ట్' అనియు ఆ పనిముట్టు తానే భావించుకొనును. ఆ లేటెస్ట్ అను ట్యాగు తగిలించినంత మాత్రమున అది మిక్కిలి క్రొత్తదను హామీ ఏదియు లేదు. ప్రచురించువాడు దేనికి తగిలించిన అదియే లేటెస్ట్. అది మాత్రమే కాదు, ఏ ట్యాగైనను కదలునదే. నిన్న ఒక ట్యాగు చూపిన ఇమేజు వేరు, నేడు అదే ట్యాగు చూపు ఇమేజు వేరు కావచ్చును. మనము పేరునడిగి వస్తువును పొందుచున్నాము గాని, ఆ పేరు వెనుక వస్తువు మారినదో లేదో అడుగుట లేదు. పేరును నమ్మినవారి గతి ఏమైనదో 2018లో లోకమునకు తెలిసినది. డాకర్123321 అను ఖాతా క్రింద 17 ఇమేజులు, టామ్‌క్యాట్, మైఎస్‌క్యూఎల్ వంటి సుపరిచితములైన పేర్లు ధరించి, నెలల తరబడి డాకర్ హబ్‌లో నిలిచి, 50 లక్షలకు మించిన సార్లు తీసికొనబడినవి. వానిలో కొన్ని నడిపినవాని యంత్రపు శక్తిని దొంగిలించి మొనేరో అను క్రిప్టో నాణెమును తవ్వుచుండెను. అవి ఆ ఏటి మే నెలలో తొలగింపబడినవి. అప్పటికే దిగుమతియైన ఇమేజులను మాత్రము రిజిస్ట్రీ వెనుకకు పిలువలేదు. అవి నడచుచున్న చోటనే నడచుచుండెను.

అన్న: దొంగ ఉన్నాడని సంతను మూయింతుమా నాయనా? నీవు చెప్పిన ఆ ఇమేజులలో ఒక్కటియు అధికారిక విభాగములోనిది కాదు. అధికారిక ఇమేజులు ఎట్లు తయారగునో నీవు నాకంటె బాగుగ నెరుగుదువు. వానిని కూర్చు విధానమును తెలుపు డాకర్‌ఫైలు బహిరంగముగా నుండును. దానిలో ఒక పంక్తి మార్చవలెనన్నను ఆ మార్పు అందరి కంటి యెదుట పరిశీలింపబడిన తరువాతగాని చేరదు. వానిలో ఆల్పైన్ అను ఇమేజు సుమారు 5 మెగాబైట్లు మాత్రమే యుండును. ఓపిక యున్న విద్యార్థి దానిని విప్పి, అందేమేమి యున్నదో ఫైలు ఫైలుగా చూడవచ్చును. ఆ దొంగ ఇమేజులను బయటపెట్టినది మాత్రమెవరు? రిజిస్ట్రీతో సంబంధము లేని భద్రతా పరిశోధకులు. అవి తెరిచిన తలుపుల వెనుక నుండుటచేతనే గదా ఎవడైనను పోయి చూడగలిగెను! ఏదో కంపెనీవారు మూసిన పెట్టెలో పెట్టి అమ్మిన ఇన్‌స్టాలరులో అదే దొంగ దాగియున్నచో, దానిని చూచు హక్కు నీకు గాని నాకు గాని ఉండెడిదా?

తమ్ముడు: మీరు ఆల్పైన్ పేరెత్తితిరి గనుక దానినే తీసికొందము. 2015 డిసెంబరు మొదలుకొని వెలువడిన ఆల్పైన్ అధికారిక ఇమేజులలో రూట్ వాడుకరికి పాస్‌వర్డు ఖాళీగా నుండెను. ఆ సంగతి 2019 మేలో సిస్కో టాలోస్ పరిశోధకులు ప్రకటించువరకు లోకమునకు విదితము కాలేదు. అన్ని ఇమేజులలో దానివలన ప్రమాదము కలుగదు, కొన్ని ప్యాకేజీలు తోడైననే కలుగునన్నది నిజమే. అయినను, అధికారిక బిల్ల వ్రేలాడుచున్నది, డాకర్‌ఫైలు బహిరంగముగా నున్నది, లక్షల మంది తీసికొనుచున్నారు, అయినను మూడేండ్లకు పైగా లోపము లోపముగానే యుండెను. చూచు అవకాశము అందరికి నుండుట వేరు, చూచువాడు ఒకడైనను నుండుట వేరు.

ఇక వెదకులాట సంగతి. రిజిస్ట్రీలో ఒక పదము వ్రాసి వెదకినచో వందల ఇమేజులు వరుసకట్టి నిలుచును. ఎన్ని సార్లు తీసికొనబడినదో ఆ అంకెయు, నక్షత్రములును ప్రక్కన కనబడును. ఆ అంకె మనుష్యుల మెప్పునకు కొలమానము కాదు. నిర్మాణ యంత్రములు రేయింబవళ్లు తీసికొనునదియు అందులో చేరును. 2024 ఏప్రిల్‌లో జెఫ్రాగ్ పరిశోధకులు తెలిపినదేమనగా, డాకర్ హబ్‌లోని సుమారు కోటిన్నర రిపోజిటరీలలో 28 లక్షలకు పైబడినవి దురుద్దేశముతో పెట్టినవి. వానిలో ఇమేజే లేదు, వివరణపుట మాత్రమే యుండి, పుస్తకమో ప్రోగ్రామో ఉచితమని ఆశపెట్టి చదువరిని మోసపు చోట్లకు నడిపించుచుండెను. డాకర్ సంస్థ వానిని తొలగించినది. పొరుగువాని గాదెనుండి తెచ్చిన విత్తనమును రైతు తడిగుడ్డలో మూటగట్టి, మొలక చూచిన పిదపగాని పొలమున చల్లడు; అట్లు చేయుటవలన పొరుగువానిని అవమానించినట్లు ఎవరును తలపరు. నేను చేసిన కట్టడియు అంతమాత్రమే.

అన్న: మొలక చూడవలదని నేనెన్నడు అంటిని? చూచుటకు వీలైన సాధనము ఆ పంపకపు విధానములోనే ఇమిడి యున్నదని నా మాట. ఇమేజులోని ప్రతి పొరకును, ఆ పొరల పట్టికయైన మానిఫెస్టునకును షా-256 అను గణితవిధానముచేత డైజెస్టు అను ముద్ర లెక్కింపబడును. అది 64 అక్షరాంకముల పొడవు గలది. లోపలి వస్తువులో ఒక్క బిట్టు మారినను ముద్ర ఆసాంతము మారిపోవును. ఒకే ముద్ర వచ్చునట్లు రెండు వేర్వేరు వస్తువులను కల్పించుట నేటి గణనశక్తికి అలవి కాని పని. ట్యాగును విడిచి డైజెస్టుతో అడిగినచో, రిజిస్ట్రీ యజమానియే పూనుకొన్నను నీకు వేరొక వస్తువును అంటగట్టజాలడు. తీసికొను యంత్రము తానే ముద్రను లెక్కించి సరిచూచుకొనును, సరిపడనిచో త్రోసిపుచ్చును. నేడు పరీక్షించిన ఇమేజును ఐదేండ్ల తరువాత ఏ ఖండమునుండి తెప్పించుకొన్నను అదియే యని నిస్సందేహముగా చెప్పగల సాధనము చేతనుండగా, పంపకమునే నిషేధించుట దేనికి? పేరును నమ్మవలదు, ముద్రను నమ్ముమని నేర్పుము. అంతటితో నీ భయములో సగము తీరును.

తమ్ముడు: సగము తీరునన్న మాట ఒప్పుకొందును, మిగిలిన సగము అంతకంటె కష్టమైనది. ముద్ర 'ఇది అదే' అని చెప్పునుగాని 'ఇది మంచిది' అని చెప్పదు; విషమునకును ముద్ర యుండును. అంతేకాదు, ముద్రకు కట్టుబడినవానికి మరియొక ఆపద కలదు. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జె లైబ్రరీలోని ఘోరమైన లోపము బయటపడినప్పుడు, దానిని లోపలనుంచుకొని ముద్రతో బిగింపబడిన ఇమేజులన్నియు, ఎవరో పూనుకొని మార్చువరకు, ఆ లోపముతోనే నడచెను. కదలు ట్యాగును నమ్మినవాడు తెలియనిదానిని తెచ్చుకొనును. కదలని ముద్రను నమ్మినవాడు తెలిసిన లోపమును మోయుచుండును. ఈ రెండింటి నడుమ త్రోవ చూపునది మనుష్యుని నిరంతర జాగరూకత ఒక్కటే. లోపములను వెదకు ట్రివీ, క్లెయిర్ వంటి పనిముట్లు ఉన్నవి. అవి ఇమేజులోని ప్యాకేజీల వెర్షన్లను ప్రకటితమైన లోపముల జాబితాతో పోల్చి చూచును. జాబితాకెక్కని లోపమును అవి చెప్పజాలవు.

ఆ ముద్రకు తోడు, దానిని వేసినవాడెవడో చెప్పు సంతకమును కావలెను. 2015లోనే డాకర్ కంటెంట్ ట్రస్ట్ అను సంతకపు ఏర్పాటు వచ్చినది. అయితే ఎవరికి వారు దానిని కోరి ఆరంభించుకొనవలసి యుండుటచేత అది అతి కొలదిమందికే పరిమితమై, తుదకు 2025లో డాకర్ సంస్థయే దానిని విరమించుటకు పూనుకొన్నది. 2021లో లినక్స్ ఫౌండేషన్ ఆశ్రయమున ఆరంభమైన సిగ్‌స్టోర్ మేలైన త్రోవ చూపినది. దాని కోసైన్ పనిముట్టుతో చేసిన సంతకమును బహిరంగమైన చిట్టాలో నమోదు చేయుదురు గనుక, ఎవరు ఎప్పుడు సంతకము చేసిరో ఎవరైనను చూడగలరు. ఇంతటి ఏర్పాటు ఉన్నను, పబ్లిక్ రిజిస్ట్రీలలో సంతకము లేని ఇమేజులు కోకొల్లలు. తీసికొనువాడు సంతకమేదని అడుగడు. అడుగనివానికి ఇచ్చువాడు చేయడు.

అన్న: ఇచ్చువాని సంగతి నీవు ఎత్తితివి గనుక, మా తరగతులలో నేను ఎక్కువ కాలము వెచ్చించి చెప్పునది దానినే. తీసికొనువానికి ఎంత జాగ్రత్త కావలెనో ఇచ్చువానికి అంతకు రెట్టింపు కావలెను. విద్యార్థులు తరచుగా చేయు పొరపాటు ఒకటి కలదు. ఇమేజు కూర్చునప్పుడు ఒక రహస్యపు తాళపుచెవి ఫైలును లోపలికి చేర్చి, పని ముగిసిన పిదప దానిని చెరిపివేసితిమని నిశ్చింతగా నుందురు. పొరల విధానములో అట్లు చెరుపుట సాధ్యము కాదు. తరువాతి పొరలో ఆ ఫైలు లేదను గుర్తు మాత్రమే పడును. ముందటి పొరలో అది చెక్కుచెదరక నిలిచియే యుండును. ఇమేజును తీసికొన్న ప్రతివాడును ఆ పొరను విప్పి చదువుకొనవచ్చును. జర్మనీలోని ఆకెన్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2023లో మూడు లక్షలకు మించిన ఇమేజులను పరీక్షించి, వానిలో సుమారు 8.5 శాతము ఇమేజులలో ప్రైవేటు కీలో, సేవలను తెరచు రహస్య సంకేతములో బయటపడియున్నవని తేల్చిరి. ఇది పంపకపు దోషము కాదు, పంచుట నేర్వకపోవుట. ఇచ్చువాడు డాకర్‌ఫైలును కూడ ఇయ్యవలెను, ఏ పునాది ఇమేజుపై కట్టెనో ముద్రతో సహా చెప్పవలెను, లోపలనున్న సామగ్రి పట్టికను జతపరుపవలెను, సంతకము చేయవలెను, ఇకపై తాను చూచుకొనలేనప్పుడు ఆ మాటను స్పష్టముగా వ్రాసి విరమింపవలెను. వదలివేసిన ఇమేజు బ్రతికియున్నట్లు కనబడుటకంటె అపాయకరమైనది లేదు.

తమ్ముడు: మీరు చెప్పిన ధర్మమును పాటించు ప్రచురణకర్త దొరకినాడనుకొందము. అప్పుడును ఒక ప్రశ్న మిగిలియున్నది: ఈ భాండాగారపు వ్యయమును భరించునదెవరు? 2020లో డాకర్ సంస్థ చెప్పిన లెక్క ప్రకారము, డాకర్ హబ్‌లో 15 పెటాబైట్ల ఇమేజులుండగా, అందు 10 పెటాబైట్లకు పైగా ఆరు నెలలుగా ఎవరును ముట్టనివి. అనామకులుగా తీసికొనువారిలో నూటికొక్కరు మాత్రమే మొత్తము దిగుమతులలో సుమారు 30 శాతమునకు కారకులని కూడ వారు తెలిపిరి. ఇట్టి దుబారాకు ఫలితముగా ఆ ఏటి నవంబరునుండి పరిమితి వచ్చినది: లాగిన్ చేయనివారికి ఆరు గంటలలో 100 దిగుమతులు, లాగిన్ చేసిన ఉచిత ఖాతాకు 200. ఆ 100 మనిషికి కాదు, ఇంటర్నెట్ చిరునామాకు. ఒకే చిరునామా వెనుకనున్న కళాశాల ప్రయోగశాలలో విద్యార్థులందరు ఒక్కసారి అడిగినచో, పాఠము సగములోనే ఆ పరిమితి చెల్లిపోవును. 2023 మార్చిలో ఉచిత జట్ల ఖాతాలను నెలలోపున ముగింతుమని డాకర్ సంస్థ జాబులు పంపి, ఓపెన్‌సోర్స్ వారు ఆందోళన చెందగా క్షమాపణ చెప్పి, పది దినములకు ఆ నిర్ణయమును ఉపసంహరించుకొనెను. 2024 మే చివర అమెరికా ఎగుమతి నియమముల పేరున రష్యాలోని వారికి డాకర్ హబ్ కొన్ని దినములపాటు మూతపడెను. 2025లో, ఇమేజులను కూర్చి పంచు బిట్నామి, ఏండ్ల తరబడి ఉచితముగా నిచ్చిన ఇమేజులలో అత్యధిక భాగమును 'లెగసీ' అను వేరొక పేరు క్రిందికి తరలించి, వానికిక నవీకరణలుండవని ప్రకటించెను. ఒక్కరి యింటిలో నున్నది, వారెంత మంచివారైనను, సర్వజన సొత్తు కాజాలదు. వారి ఆర్థికావసరము మారిననాడు మన సర్వర్ల గతియు మారును.

అన్న: నీ మాట యథార్థము, అయితే దానినుండి నీవు తీయు ఫలితార్థము వేరు, నేను తీయునది వేరు. ఒక్కరిపై ఆధారపడుట ప్రమాదమైనచో, పదిమందిపై ఆధారపడుట దానికి విరుగుడు గాని, ఎవరి ముఖమును చూడక తలుపు వేసికొనుట కాదు. ఆ పదిమందికి త్రోవ ఎప్పుడో సిద్ధమైనది. 2015 జూన్‌లో లినక్స్ ఫౌండేషన్ ఛత్రమున, డాకర్, కోర్‌ఓఎస్ మొదలగు సంస్థలు కలిసి ఓపెన్ కంటెయినర్ ఇనీషియేటివ్‌ను నెలకొల్పెను. ఇమేజు ఎట్లుండవలెనను ప్రమాణము 2017లో 1.0 రూపమును, దానిని రిజిస్ట్రీ ఎట్లు పంచవలెనను ప్రమాణము 2021లో 1.0 రూపమును పొందినవి. కనుకనే నేడు ఎవరి రిజిస్ట్రీ యైనను ఎవరి పనిముట్టుతోనైనను మాటలాడగలదు. డాకర్ వారి రిజిస్ట్రీ సాఫ్ట్‌వేరే డిస్ట్రిబ్యూషన్ అను పేరున క్లౌడ్ నేటివ్ కంప్యూటింగ్ ఫౌండేషన్‌కు అర్పింపబడినది. చైనాలోని వీఎంవేర్ బృందము ఆరంభించిన హార్బర్ అను రిజిస్ట్రీ అదే ఫౌండేషన్‌లో 2020లో పరిణత ప్రాజెక్టు స్థానమును పొందినది. క్వే అను మరియొక రిజిస్ట్రీ 2019లో ఓపెన్‌సోర్స్ అయినది. వీనిలో దేనినైనను ఒక మాదిరి సర్వరుపై నిలిపినచో, అది వెలుపలి ఇమేజును ఒక్క మారు తెచ్చి తన యొద్ద నుంచుకొని, అడిగిన ప్రతివానికి తానే ఇచ్చును. నీవు చెప్పిన ప్రయోగశాలలో ఇట్టిది ఒక్కటి యున్నచో, తరగతి మొత్తమునకు ఒక్క దిగుమతి చాలును. లినక్స్ పంపిణీల నకళ్లను తమ సర్వర్లలో నిలిపి దేశమునకంతటికి పంచు సంప్రదాయము విశ్వవిద్యాలయములలో ఎంతో కాలముగా నున్నది. ఇమేజులకును అట్లే చేయుటకు మన కళాశాలలకు అడ్డమేమి?

తమ్ముడు: అడ్డమొకటి చెప్పెదను వినుడు. ఇమేజు పేరులోనే రిజిస్ట్రీ చిరునామా అంటియుండును. రిజిస్ట్రీని మార్చుటయనగా ఆ పేరు వ్రాసిన ప్రతి ఫైలును, ప్రతి పుస్తకమును, ప్రతి పాఠమును మార్చుట. కంటెయినర్ల సమూహములను నడిపించు కుబర్నెటీస్ ప్రాజెక్టువారికే ఇది సులభము కాలేదు. గూగుల్ రిజిస్ట్రీలోని పాత చిరునామానుండి తమ సముదాయపు స్వంత చిరునామాకు తరలుటకై, వారు 2023 ఏప్రిల్ 3న పాతదానిని స్తంభింపజేసి, అంతకు ముందు నెలల తరబడి లోకమంతటికి చాటింపు వేయవలసి వచ్చెను. ఆ తరలింపునకు కారణము కూడ వ్యయమే. గూగుల్ ఏటేట ఇచ్చుచున్న 30 లక్షల డాలర్ల విలువగల సేవయు వారికి చాలకపోయెను. క్రొత్త చిరునామా అడిగినవానికి సమీపమున నున్న, వేర్వేరు సంస్థలు దానము చేసిన నిల్వలకు దారి చూపును. అంతటి సముదాయమునకే అంత శ్రమ యైనప్పుడు చిన్నవారి మాట చెప్పనేల? అయినను మీ వాదమువలన నా కట్టడిలో ఒక లోపము నాకు స్పష్టమైనది. వెలుపలిదానిని ఆపితిని గాని, వెలుపలివారికి మేమేమియు ఇచ్చుట లేదు. ఆల్పైన్‌లో లోపమును మాలో ఎవరైనను కనిపెట్టి యుండినచో, దానిని మా గోడల లోపల సరిచేసికొని ఊరకుండెడివారము. పరీక్షించుటకు మాకు మనుష్యులున్నారు, జీతములున్నవి. చిన్న పట్టణపు విద్యార్థికి అవి లేవు. మేము చేయు పరీక్షల ఫలితము బయటికి పోవలెనన్న మాట నాకు సమ్మతము.

అన్న: అదియే నేను కోరినది. నీవు అడిగిన జాగరూకతను నేను తరగతిలో మొదటి పాఠముగ చెప్పెదను; నేను అడిగిన ప్రతిదానమును నీవు సంస్థలో నియమముగ పెట్టుము. అయినను ఒక విషయమున మనకు భేదము మిగిలియే యున్నది. పరీక్షింపనిదానిని ముట్టరాదందువు నీవు. నేర్చుకొనువాడు ముట్టియే పరీక్షించుట నేర్చునందును నేను. ప్రజల డబ్బు నడచు సర్వరుపై నీ మాటయే చెల్లవలెను. తన ల్యాప్‌టాపుపై నేర్చుకొను విద్యార్థికి మాత్రము, కోల్పోవుటకు విలువైనదేదియు ఆ యంత్రమున లేనంతవరకు, తలుపు తెరిచియే యుండవలెను.

తమ్ముడు: ఆ ల్యాప్‌టాపులోనే వాని తండ్రి బ్యాంకు ఖాతాకు లాగిన్ అగుచుండును అన్నయ్యా. ఆ భేదమును అట్లే యుండనిండు. దానివలన ఇద్దరమును మెలకువగా నుందుము.

ఇరువురి వాదమును విన్న పిమ్మట నాకు తోచిన నిర్ణయమిది. ఇమేజుల రిజిస్ట్రీ ఈ యుగపు గొప్ప సార్వజనిక సంపదలలో ఒకటి. దానిని మూసికొనుట ఎవరికిని శ్రేయము కాదు. అయితే అది పేరుచేత గాని, అధికారిక బిల్లచేత గాని, లక్షలలో కనబడు అంకెచేత గాని నిలుచునది కాదు. తీసికొనువాని పరీక్షయు, ఇచ్చువాని నిజాయితీయు రెండును కలిసిననే నిలుచును. కావున ఈ పని చేయు తెలుగు ఇంజనీర్లకును, ఉపాధ్యాయులకును, విద్యార్థులకును నా మనవి యేమనగా: నడుపు సర్వరుపై ట్యాగును కాక డైజెస్టును వ్రాయుడు, వ్రాసినదానిని మరచిపోక, లోపములు వెలువడినప్పుడెల్ల క్రొత్త డైజెస్టునకు మారుడు, అవసరమైన ఇమేజుల నకలును మీ సంస్థలోనో కళాశాలలోనో నిలుపుకొనుడు, మీరు పంచు ప్రతి ఇమేజుతో దాని డాకర్‌ఫైలును, సామగ్రి పట్టికను, సంతకమును పంచుడు, లోపము కనబడినచో మీకొరకు మాత్రమే సరిచేసికొని ఊరకుండక, దానిని ప్రచురించినవారికి తెలుపుడు. ఉచితముగా తీసికొన్నవానికి ఇంతమాత్రపు ఋణము తీర్చుట భారము కాదు.